గర్భసంచి జారింది, దగ్గితే మూత్రం కూడా పడుతోంది: ఆపరేషన్‌కి ఒప్పుకునే ముందు చూసుకోవాల్సినవి

మా అత్తగారికి 61 ఏళ్ళప్పుడు గర్భసంచి ఆపరేషన్ అయింది. కింద కాయలా బయటకి వచ్చేసింది, నడిస్తే రాసుకునేది, నేల మీద కూర్చోలేకపోయేది, అయినా రెండేళ్ళు ఎవ్వరికీ చెప్పలేదు, పాత చీర ముక్క మడిచి పెట్టుకుని నెట్టుకొచ్చింది. ఆపరేషన్ బాగానే చేశారు, కాయ పోయింది, కుట్లు మానాయి. మూత్రం పైపు తీసిన నాలుగో రోజు వంటింట్లో పోపు ఘాటుకి ఒక్క దగ్గు దగ్గింది, నిలబడ్డ చోటే లంగా తడిసిపోయింది. అంతకు ముందు ఆవిడకి దగ్గితే పడటం అనేదే లేదు. "లేని రోగం తెచ్చిపెట్టారు నాకు" అని ఏడ్చింది. నేను గైనిక్ వార్డులో స్టాఫ్ నర్సుని, అప్పటికే 11 ఏళ్ళ సర్వీసు, ఇలా అవ్వొచ్చని నాకు తెలుసు కూడా, కానీ ముందు అడగాల్సిన ప్రశ్న మా ఇంట్లో మనిషి విషయంలోనే నేను అడగలేదు.

ఆ ప్రశ్న ఏంటంటే, "జారిన దాన్ని లోపలికి నెట్టి పట్టుకుని దగ్గించి చూశారా డాక్టర్ గారూ?" ఇంతే. ఇదెందుకు అంత ముఖ్యమో, దాని జవాబుని బట్టి ఏ ఆపరేషన్ అడగాలో, ఏది వద్దనాలో, ఇంటికొచ్చాక ఏం చూసుకోవాలో చెప్తాను. మీ అమ్మకో అత్తగారికో పెద్దమ్మకో పనికొస్తుంది, మీకే ఉంటే అసలు సిగ్గుపడకుండా చదవండి. నేను డాక్టర్ని కాదు, మీ డాక్టర్ చూసి చెప్పింది దీనికంటే పెద్ద మాట, కానీ డాక్టర్ గారికి మనతో ఉండేది అయిదు నిమిషాలు, ఆ అయిదు నిమిషాల్లో ఏం అడగాలో తెలిసి వెళ్తే చాలా తేడా ఉంటుంది.

జారడం వేరు, కారడం వేరు

మన వాళ్ళు రెండూ ఒకటే అనుకుంటారు. "సంచి జారింది కాబట్టి మూత్రం పడుతోంది, సంచి తీసేస్తే సరిపోద్ది" అని. కాదు. కాన్పులు, బరువులు మోయడం, నెలసరి ఆగాక కండరాలు పలచబడటం, ఏళ్ళ తరబడి దగ్గు, మలబద్ధకం, వీటివల్ల కింద ఉన్న కండరాలూ లోపల పట్టి ఉంచే తాళ్ళలాంటివీ సాగిపోతాయి. అలా సాగినప్పుడు యోని ముందు గోడ జారితే మూత్రాశయం దిగుతుంది, దాన్ని సిస్టోసీల్ అంటారు, వెనక గోడ జారితే రెక్టోసీల్, మధ్యలోది జారితే గర్భసంచి. దగ్గితే మూత్రం కారడం అనేది మూత్రనాళం కింద ఉండాల్సిన ఆసరా పోవడం వల్ల. రెండిటికీ మూల కారణాలు ఒకటే కాబట్టి ఒకే మనిషికి రెండూ ఉండొచ్చు, కానీ ఒకదానికి చేసిన ఆపరేషన్ రెండోదాన్ని బాగుచేస్తుందని గ్యారంటీ లేదు.

ఇక్కడే అసలు తిరకాసు. చేలో మోటారు పైపు మడత పడితే నీళ్ళు ఆగిపోతాయి కదా, అలాగే మూత్రాశయం బాగా కిందకి దిగినప్పుడు మూత్రనాళం మడత పడుతుంది. అప్పుడు ఆసరా పోయినా సరే మూత్రం కారదు, పైగా కొంతమందికి సరిగ్గా రాదు కూడా, వేలితో పైకి నెట్టుకుంటే గానీ పాస్ అవ్వదు. ఆపరేషన్ చేసి అన్నీ పైకి కట్టేస్తే మడత విప్పుకుంటుంది, అప్పుడు దాక్కున్న లీకు బయటపడుతుంది. మా అత్తగారికి జరిగింది ఇదే. లేని రోగం తేలేదు, ఉన్నదే కనపడింది, కానీ ఆ మాట ఆపరేషన్ ముందు చెప్పుంటే ఆవిడ అంత ఏడ్చేది కాదు.

ఇంకో గుర్తు చెప్తా. కొందరు పెద్దవాళ్ళు "ఒకప్పుడు దగ్గితే పడేది, ఈ మధ్య దానంతట అదే తగ్గిపోయింది" అంటారు, అదే సమయంలో కాయ పెద్దదవుతూ ఉంటుంది. అది తగ్గడం కాదు, మడత పడటం. ఈ ముక్క డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి.

ఏ రకం లీకో ముందు మీరే తేల్చుకోండి

దగ్గినా తుమ్మినా నవ్వినా బిందె ఎత్తినా చుక్కలు పడితే అది స్ట్రెస్ రకం (ఇక్కడ స్ట్రెస్ అంటే టెన్షన్ కాదు, పొత్తికడుపు మీద పడే ఒత్తిడి). హఠాత్తుగా ఆపుకోలేనంత వచ్చి బాత్రూమ్ తలుపు గొళ్ళెం తీసేలోపు పడిపోతే అది అర్జ్ రకం. రెండూ ఉంటే మిక్స్‌డ్. ఇది ఎందుకు తేల్చాలంటే మూత్రనాళం కింద టేప్ (ఆసరాగా సన్న పట్టీ) వేసే ఆపరేషన్ స్ట్రెస్ రకానికే, అర్జ్ రకానికి దానివల్ల లాభం లేదు, కొన్నిసార్లు ఎక్కువవుతుంది కూడా. అర్జ్‌కి బ్లాడర్ (అంటే మూత్రాశయం) ట్రైనింగ్ అని, అంటే వచ్చినప్పుడల్లా పరిగెత్తకుండా కొంచెం కొంచెంగా గ్యాప్ పెంచుకుంటూ కనీసం 6 వారాలు చేయడం, తర్వాత టాబ్లెట్లు, అదీ కాకపోతే బ్లాడర్‌లో బోటాక్స్ ఇంజెక్షన్. అయితే కాయ పెద్దగా ఉన్నవాళ్ళకి జారింది సరిచేశాక ఈ ఆత్రం తగ్గడం కూడా చాలాసార్లు చూస్తాం.

మూడు రోజులు ఒక పేపర్ మీద రాయండి, అమ్మకి చదువు రాకపోతే మీరే అడిగి రాయండి: ఎన్ని గంటలకి ఏం తాగింది, ఎన్ని గంటలకి ఎంత పోసింది (గీతలున్న ప్లాస్టిక్ మగ్గు ఒకటి దీనికే కేటాయించండి), ఎప్పుడు పడింది, పడినప్పుడు ఏం చేస్తోంది. రోజంతా మంచినీళ్ళు తాగకుండా రాత్రి ఒక్కసారే చెంబెడు తాగే వాళ్ళుంటారు, పొలం పనికి పోయే వాళ్ళు మరీను, అక్కడ బాత్రూమ్ ఉండదు కదా మరి. ఈ కాగితం చూస్తే డాక్టర్‌కి సగం విషయం అర్థమైపోతుంది. నోటితో అడిగితే మాత్రం మన ఆడవాళ్ళు "ఏదోనమ్మా కొంచెం" అని ఊరుకుంటారు.

హాస్పిటల్లో ఏమేం చేయించాలి

యూరిన్ టెస్ట్, కల్చర్. ఇన్‌ఫెక్షన్ ఉంటే దానికే మంట, ఆత్రం, లీకు అన్నీ వస్తాయి, ముందు అది తగ్గాలి. షుగర్ చూడాలి. మూత్రం పోసి వచ్చిన వెంటనే స్కాన్ పెట్టి లోపల ఎంత మిగిలిందో చూడాలి, 100 ఎంఎల్ దాటి మిగులుతుంటే డాక్టర్ దాన్ని లెక్కలోకి తీసుకుంటారు, ఎందుకంటే అసలే ఖాళీ అవ్వని బ్లాడర్ కింద టేప్ బిగిస్తే ఇంకా అవ్వదు.

ఆ తర్వాత దగ్గు పరీక్ష. బ్లాడర్ నిండుగా ఉన్నప్పుడు చేయాలి, కాబట్టి ఓపీలో టోకెన్ తీసుకోగానే బాత్రూమ్‌కి పంపేయకండి, కాసేపు ఆపుకోమనండి. ఒకసారి ఉన్నది ఉన్నట్టుగా దగ్గించాలి, రెండోసారి జారిన భాగాన్ని వేళ్ళతోనో రింగుతోనో (రింగు గురించి కింద చెప్తా) లోపలికి పెట్టి పట్టుకుని దగ్గించాలి, పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి చేస్తే ఇంకా మంచిది. మొదటిసారి పడకుండా రెండోసారి పడితే అదే దాగిన లీకు. ఖర్చు లేదు, మెషిన్ లేదు, రెండు నిమిషాల పని. ఇంత తేలికైన పరీక్ష బిజీ ఓపీల్లో ఎందుకు వదిలేస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు, అందుకే మీరు అడగండి అంటున్నా, అడిగితే ఎవరూ తిట్టరు.

యురోడైనమిక్స్ అని ఇంకో టెస్ట్ ఉంది, సన్న పైపులు పెట్టి బ్లాడర్ ప్రెషర్ కొలుస్తారు. అందరికీ అక్కర్లేదు. లీకు రకం తేలనప్పుడు, మిక్స్‌డ్ అయినప్పుడు, మూత్రం బాగా మిగులుతున్నప్పుడు, ఇంతకు ముందే ఒక ఆపరేషన్ ఫెయిలై ఉన్నప్పుడు రాస్తారు. అవి లేకుండా రాస్తే ఎందుకో అడగండి.

కత్తి పెట్టకుండా కుదురుతుందేమో చూశారా

కాయ యోని ద్వారం దాటి బయటకి రాకుండా ఉంటే, లీకు కొంచెమే ఉంటే ఆపరేషన్‌కి తొందర లేదు. ఇది కేన్సర్ కాదు, ఈ నెల చేయించుకోకపోతే ప్రాణం మీదకి వచ్చేది కాదు. పెల్విక్ ఫ్లోర్ ఎక్సర్‌సైజ్ కనీసం 3 నెలలు చేయాలి, రోజుకి మూడుసార్లు, ఒక్కోసారి కనీసం 8 బిగింపులు. ఎలా అంటే, నలుగురిలో ఉన్నప్పుడు గ్యాస్ వస్తే ఎలా బిగబడతామో అలా, పొట్టా తొడలూ బిగించకుండా ఊపిరి ఆపకుండా. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి ప్రాక్టీస్ చేయమని ఎవరో ఒకరు చెప్తారు, అది రోజూ చేయకండి, బ్లాడర్ అలవాటు పాడవుతుంది. చాలామంది బిగించడం అనుకుని కిందకి ముక్కుతారు, దానివల్ల జారడం పెరుగుతుంది, కాబట్టి మొదటిసారి ఒక ఫిజియోథెరపిస్ట్‌కో నర్సుకో చూపించి సరిచూసుకోండి.

ఇంకోటి రింగ్ పెసరీ. రబ్బరుదో సిలికాన్‌దో గాజులాంటి రింగు, లోపల పెడితే జారిన దాన్ని పట్టి ఉంచుతుంది. గుండె జబ్బు ఉన్నవాళ్ళకి, మత్తు ఇవ్వలేని వాళ్ళకి, పెళ్ళో ఊరి జాతరో అయ్యేదాకా ఆగాలి అనుకునే వాళ్ళకి చాలా మంచిది. డాక్టర్ చెప్పిన గడువుకి వెళ్ళి తీయించి కడిగించి మళ్ళీ పెట్టించుకోవాలి, పెట్టించుకుని మర్చిపోయి ఏళ్ళ తర్వాత పుండు పడి వచ్చిన వాళ్ళని వార్డులో చూశా. ఈ రింగుతో ఇంకో ఉపయోగం ఎవరూ చెప్పరు: ఒక వారం రింగు పెట్టుకుని మామూలుగా తిరిగి చూస్తే, ఆపరేషన్ తర్వాత లీకు బయటపడుతుందా లేదా అన్నది ఇంట్లోనే కొంతవరకు తెలిసిపోతుంది. మా అత్తగారికి ఇదొక్కటి చేసినా సరిపోయేది.

ఆపరేషన్లు: జారినదానికి ఒకటి, కారేదానికి ఒకటి

ముందు జారినదానికి. మన దగ్గర గర్భసంచి జారిందంటే తీసేయడమే, అది కింద నుంచి తీసి ముందూ వెనకా గోడలు బిగించి కుట్టేయడం మామూలు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు ఎక్కువున్న రాష్ట్రాల్లో ఆంధ్రా, తెలంగాణ ముందు వరుసలో ఉన్నాయి, గొప్పగా చెప్పుకునే ముందు వరుస కాదది. జారడానికి కారణం సంచి కాదు, దాన్ని పట్టే తాళ్ళు, కాబట్టి సంచి తీసినా తీయకపోయినా పైభాగాన్ని దేనికో ఒకదానికి కట్టాలి, లేకపోతే కొన్నేళ్ళకి యోని పైభాగమే జారి కిందకి వస్తుంది, దాన్ని వాల్ట్ ప్రోలాప్స్ అంటారు, అప్పుడు ఆపరేషన్ ఇంకా కష్టం. అందుకే రెండో ప్రశ్న: "పైభాగం దేనికి కట్టి నిలబెడతారు?" గర్భసంచి వెనకుండే యూటెరోసేక్రల్ తాళ్ళకి కట్టొచ్చు, కటి లోపలుండే సేక్రోస్పైనస్ లిగమెంట్‌కి కుట్టొచ్చు, లేదా పొట్ట కోసో లాప్రోస్కోపీలోనో (చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో) మెష్ అనే వలలాంటి ప్లాస్టిక్ గుడ్డ పెట్టి వెన్నెముక కింది ఎముకకి తగిలించొచ్చు, దీన్ని సేక్రోకాల్పోపెక్సీ అంటారు. డాక్టర్ వీటిలో ఏది చెప్పినా సరే, అసలు జవాబే లేకపోతే ఇంకో డాక్టర్‌కి చూపించుకోండి.

వయసులో ఉండి ఇంకా పిల్లలు కావాలనుకునే వాళ్ళకి సంచి ఉంచి పైకి కట్టే ఆపరేషన్లు ఉన్నాయి, వాటిలో శిరోద్కర్, పురందరే లాంటి మన దేశపు డాక్టర్ల పేర్లతో ఉన్నవే పుస్తకాల్లో చదువుకున్నాం. బాగా పెద్దవయసు వాళ్ళకి, ఇక దాంపత్యం అక్కర్లేదు అని వాళ్ళంతట వాళ్ళే అనుకుంటే (పిల్లలు అనుకుంటే కాదు!) యోనిని చాలావరకు మూసి కుట్టేసే చిన్న ఆపరేషన్ కూడా ఉంది, త్వరగా అయిపోతుంది, మళ్ళీ జారడం చాలా తక్కువ.

ఇప్పుడు కారేదానికి. ముందు పాత పద్ధతి గురించి ఒక మాట, కెల్లీ కుట్లు. అమెరికా డాక్టర్ హోవర్డ్ కెల్లీ పేరు మీద వంద ఏళ్ళ పైబడిన పద్ధతి, ముందు గోడ బిగించేటప్పుడే మూత్రనాళం మెడ దగ్గర రెండు మూడు కుట్లు వేస్తారు. "ముందు గోడ రిపేర్ చేస్తాం, లీకు కూడా అదే ఆగిపోద్ది" అని మీకు చెప్తే అది ఇదే. మొదట్లో ఆగినట్టు ఉంటుంది, కొన్నేళ్ళకి చాలామందిలో మళ్ళీ మొదలవుతుంది, అందుకే స్ట్రెస్ లీకు ఖాయంగా ఉన్నవాళ్ళకి దీన్నొక్కదాన్నే నమ్ముకోవడం ఇప్పుడు మంచి సలహా కాదు.

ఎక్కువగా చేసేది మిడ్ యూరెత్రల్ స్లింగ్, మన హాస్పిటల్స్‌లో టీవీటీ, టీవోటీ అంటారు. సెంటీమీటరు వెడల్పు ఉండే పాలిప్రోపిలీన్ (ఒక రకం ప్లాస్టిక్) టేప్, అల్లిన రిబ్బన్ ముక్కలా ఉంటుంది, మూత్రనాళం మధ్య భాగం కింద ఊయలలా వేస్తారు, బిగించరు, వదులుగా ఉంచుతారు, దగ్గినప్పుడు నాళం దానికి ఆనుకుని మూసుకుంటుంది. స్వీడన్‌లో ఉల్మ్‌స్టెన్ అనే డాక్టర్ 1996లో ఈ పద్ధతి ప్రచురించాక ప్రపంచమంతా పాకింది. టీవీటీలో టేప్ మొనలు పొత్తికడుపు కింద ఎముక వెనక నుంచి పైకి వస్తాయి, బ్లాడర్‌కి సూది తగిలే ప్రమాదం ఉంటుంది కాబట్టి లోపల కెమెరా పెట్టి చూసి తీరాలి. టీవోటీలో గజ్జల వైపు నుంచి వస్తాయి, బ్లాడర్‌కి తగలడం, మూత్రం ఆగిపోవడం తక్కువ, తొడ మూలల్లో నొప్పి ఎక్కువ. అమెరికాలో 2010లో రెండిటినీ పోల్చి చూస్తే ఏడాది తర్వాత పరీక్షల్లో లీకు లేనివాళ్ళు టీవీటీలో 80.8 శాతం, టీవోటీలో 77.7 శాతం, అంటే పెద్ద తేడా లేదు. మీ డాక్టర్ చేతికి ఏది బాగా అలవాటో అదే చేయించుకోండి, ఏడాదికి ఎన్ని చేస్తారో అడగడంలో తప్పులేదు.

టేప్ వద్దనుకుంటే రెండు దారులు. మన పొట్ట కండరం మీది పొర నుంచే పట్టీ కోసి వేసేది ఒకటి, యోని ముందు గోడని పైన ఎముక దగ్గరి గట్టి పొరకి కుట్లతో వేలాడదీసే బర్చ్ ఇంకోటి. 2007లో ఈ రెండిటినీ పోల్చారు, రెండేళ్ళకి స్ట్రెస్ లీకు ఆగినవాళ్ళు సొంత పొర పట్టీలో 66 శాతం, బర్చ్‌లో 49 శాతం, కానీ పట్టీ వేసిన వాళ్ళలో ఇన్‌ఫెక్షన్లు, మూత్రం పోయడానికి ఇబ్బంది ఎక్కువ కనిపించాయి. పొట్ట కోసో లాప్రోస్కోపీలోనో పైభాగం కడుతున్నారంటే బర్చ్ అదే సిట్టింగ్‌లో కలిసిపోతుంది.

మెష్ భయం గురించి

"యూట్యూబ్‌లో మెష్ బ్యాన్ చేశారంట కదా సిస్టర్" అని చాలామంది అడుగుతారు. సగం నిజం. జారినదాన్ని ఆపడానికి యోని లోపల నుంచి పెద్ద మెష్ ముక్క పెట్టేవాళ్ళు, వాటిని అమ్మడం ఆపేయమని అమెరికాలో మందుల్నీ వైద్య పరికరాల్నీ చూసే ఎఫ్‌డీఏ 2019 ఏప్రిల్‌లో కంపెనీలకి ఆర్డర్ వేసింది. మూత్రం లీకుకి వేసే సన్న టేప్ ఆ ఆర్డర్‌లో లేదు, పొట్ట నుంచి పెట్టే మెష్ కూడా లేదు. ఇంగ్లండ్‌లో మాత్రం 2018 జూలైలో టేప్‌ని కూడా నిలిపివేసి గట్టి షరతులు పెట్టారు, నొప్పితో ఏళ్ళకేళ్ళు బాధపడ్డ ఆడవాళ్ళు పోరాడితే వచ్చిందది, వాళ్ళ మాట తేలిగ్గా తీసేయకూడదు. టేప్ యోని గోడలోంచి బయటకి తేలడం, కలిసినప్పుడు నొప్పి, గజ్జల్లో పోటు, ఇవి కొద్దిమందికే వస్తాయి కానీ వస్తే టేప్ మొత్తం తీయడం చాలా కష్టం. కాబట్టి "జారినదానికి వేస్తున్నారా, లీకుకి వేస్తున్నారా, యోని నుంచా పొట్ట నుంచా" అని విడదీసి అడగండి. వేయించుకుంటే ఆ టేప్ పెట్టె మీది స్టిక్కర్, కంపెనీ పేరు, లాట్ నంబరు ఉండేది, డిశ్చార్జ్ సమ్మరీ మీద అంటించి ఇవ్వమనండి, పదేళ్ళ తర్వాత ఇంకో ఊళ్ళో ఇంకో డాక్టర్‌కి అదే దిక్కు.

కలిపి ఒకేసారా, విడివిడిగానా

అసలు తల నొప్పి ఇదే, దీన్ని మూడు రకాల మనుషులుగా చూడండి.

దగ్గితే ఇప్పటికే బాగా పడుతోంది, కాయ కూడా ఉంది, రెండూ బాధపెడుతున్నాయి: వీళ్ళకి కలిపి చేయించుకుంటే లాభం స్పష్టంగా ఉంది. నెదర్లాండ్స్‌లో ఇలాంటి వాళ్ళ మీద చూస్తే, ఏడాది తర్వాత లీకు లేకుండా ఉన్నది కలిపి చేసిన వాళ్ళలో పదికి ఎనిమిదిమంది దాకా, జారినదొక్కటే సరిచేసిన వాళ్ళలో పదికి నలుగురే. అయితే ఇదే లెక్కని తిప్పి చదివితే, జారినది సరిచేసినంత మాత్రాన్నే నలుగురికి లీకు పోయిందన్నమాట, టేప్ అక్కర్లేకుండానే. ఆగి చూస్తాను, మూడు నెలల తర్వాత కావాలంటే వేయించుకుంటాను అన్నా అది మొండితనం కాదు.

ఇప్పుడు పడట్లేదు, కానీ నెట్టి పట్టుకుంటే పడింది: దాగిన లీకు. అమెరికాలో 2012లో వచ్చిన ఒక స్టడీలో, లీకు బాధ లేని 337 మందికి కింద నుంచి ఆపరేషన్ చేస్తూ సగం మందికి టేప్ వేశారు, మిగతా సగానికి టేప్ వేయకుండా పైన గాట్లు మాత్రం పెట్టారు, ఎవరికి వేశారో పేషెంట్‌కి తెలియకుండా. మూడు నెలలకి టేప్ లేనివాళ్ళలో 49.4 శాతానికి లీకు, టేప్ ఉన్నవాళ్ళలో 23.6 శాతానికి. నెట్టి పట్టుకున్నప్పుడు ముందే లీకైన వాళ్ళని విడిగా చూస్తే టేప్ లేకపోతే పదికి ఏడుగురికి వచ్చింది. మా అత్తగారు ఈ ఏడుగురిలో మనిషి. వీళ్ళతో కూర్చుని మాట్లాడాలి, చాలామంది వేసేయండి అంటారు, కొందరు వద్దంటారు.

ఎలా చూసినా పడట్లేదు: వీళ్ళకి ముందుజాగ్రత్తగా టేప్ వేయడం నాకైతే నచ్చదు. అదే స్టడీలో ఒక్కరికి లీకు తప్పించాలంటే ఆరుగురికి పైగా టేప్ వేయాల్సి వచ్చింది, టేప్ వేసిన వాళ్ళలో 6.7 శాతానికి బ్లాడర్‌కి సూది తగిలింది, యూరిన్ ఇన్‌ఫెక్షన్లు 31 శాతానికి వచ్చాయి (వేయని వాళ్ళలో 18.3), కొందరికి ఆరు వారాలైనా బ్లాడర్ పూర్తిగా ఖాళీ అవ్వలేదు. టేప్ వేయని వాళ్ళలో లీకు వచ్చినా ఏడాదిలోపు మళ్ళీ దానికోసం ఆపరేషన్ చేయించుకున్నది చాలా కొద్దిమందే. అంటే చాలామందికి వచ్చిన లీకు ఓర్చుకోగలిగినంతే.

పొట్ట నుంచి చేసే సేక్రోకాల్పోపెక్సీకి బర్చ్ కలిపితే ఎలా ఉంటుందో 2006లోనే చూశారు, అక్కడా లీకు లేని వాళ్ళే, మూడు నెలలకి కలపని వాళ్ళలో 44.1 శాతానికి స్ట్రెస్ లీకు వస్తే కలిపిన వాళ్ళలో 23.8 శాతానికి.

ఈ నిర్ణయం ఆపరేషన్ అయ్యే మనిషిదే అని నా పట్టుదల. మొగుడూ కొడుకూ డాక్టర్ రూములో కూర్చుని మాట్లాడేసుకుంటారు, ఆవిడ బయట బెంచీ మీద ఉంటుంది. లోపలికి పిలవండి. "మళ్ళీ ఇంకోసారి థియేటర్‌కి వెళ్ళడం నీకు ఎక్కువ భయమా, లోపల టేప్ ఉండటం ఎక్కువ భయమా అమ్మా?" అని అడిగితే చదువులేని వాళ్ళు కూడా చక్కగా చెప్తారు.

వెళ్ళేముందు, వెళ్ళాక

షుగర్ కంట్రోల్, రక్తం తక్కువుంటే ఎక్కించుకోవడం, ఆస్పిరిన్ లాంటి రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పడం, ఇవి మామూలే. నెలసరి ఆగిన వాళ్ళకి లోపల పూయడానికి ఈస్ట్రోజెన్ క్రీమ్ ముందు కొన్ని వారాలు రాస్తుంటారు, కాయ మీద పుండు ఉంటే మానాకే ఆపరేషన్. మలబద్ధకం ఇప్పుడే సరిచేసుకోండి. పొగ మానేయండి, ఆడవాళ్ళకి చెప్తున్నావేంటి అనకండి, మా అత్తగారిది శ్రీకాకుళం వైపు, అడ్డపొగ అలవాటు, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తారు, ఆ దగ్గుకి ఎంత మంచి కుట్టైనా సాగుతుంది. ఆరోగ్యశ్రీలోనో ఎన్టీఆర్ వైద్య సేవలోనో చేయించుకుంటుంటే, జారినదానికి అప్రూవల్ వస్తే అందులో టేప్ కూడా కలిసి ఉందా లేదా విడిగా డబ్బు కట్టాలా అన్నది హాస్పిటల్లో ఆరోగ్యమిత్రని ముందే అడగండి, థియేటర్ బయట ఆ రోజు పొద్దున తెలిస్తే గొడవవుతుంది.

ఎక్కువగా వెన్నులో ఇంజెక్షన్ ఇచ్చే చేస్తారు. అయ్యాక యోనిలో గాజ్ గుడ్డ (పుండ్లకి కట్టే పలచటి గుడ్డ) కుక్కి ఉంచుతారు, మర్నాడు పొద్దున తీసేటప్పుడు మూరల కొద్దీ వస్తూనే ఉంటుంది, పేగులు వచ్చేస్తున్నాయేమో అని భయపడిన వాళ్ళున్నారు, ముందే చెప్పుంచండి. యూరిన్ పైపు ఒకటి రెండు రోజులుంటుంది. తీశాక మూత్రం పోసి, మిగిలింది ఎంతో చూస్తారు. ఎక్కువ మిగిలితే పైపుతోనే ఇంటికి పంపి వారం తర్వాత మళ్ళీ చూస్తారు, ఫెయిలైనట్టు కాదు, వాపు తగ్గితే చాలామందికి సరైపోతుంది. టేప్ వేసిన మనిషికి ఎన్ని రోజులైనా పోయడం రాకపోతే మాత్రం నెలలు ఆగొద్దు, మొదటి వారం రెండు వారాల్లో అయితే టేప్‌ని వదులు చేయొచ్చు, ఆలస్యమైతే కోయాల్సి వస్తుంది.

ఇంటికొచ్చాక 6 వారాలు బిందె, బియ్యం మూట, గ్యాస్ బండ, మనవడు, ఏవీ ఎత్తకూడదు. మనవడి దగ్గరే అందరూ తప్పుతారు. కింద కూర్చునే బాత్రూమ్ అయితే కమోడ్ కుర్చీ అద్దెకైనా తెచ్చుకోండి, ముక్కకుండా విరేచనం అయ్యేలా పీచు ఉన్నవి తినాలి, మంచినీళ్ళు తాగాలి (లీకు భయంతో నీళ్ళు మానేస్తే మూత్రం చిక్కబడి మంట, ఇన్‌ఫెక్షన్). భార్యాభర్తలు 6 వారాలు దూరంగా ఉండాలి, ఈ ముక్క వార్డులో ఎవరూ చెప్పరు, ఇంట్లో ఎవరూ అడగరు. కరిగే దారం ముక్కలతో పసుపు, గోధుమ రంగు డిశ్చార్జ్ కొన్ని వారాలు మామూలే.

వెంటనే హాస్పిటల్‌కి పరిగెత్తాల్సినవి: మూత్రం అస్సలు రాకపోవడం, చలితో జ్వరం, గంటకో ప్యాడ్ తడిసేంత రక్తం, చెడు వాసన, ఒక కాలు వాచి నొప్పి, ఆయాసం. ఇంకోటి, దగ్గుతో పనిలేకుండా పడుకున్నా నిలబడ్డా రాత్రీ పగలూ కారుతూనే ఉంటే అది ఈ లీకు కాదు, బ్లాడర్‌కీ యోనికీ మధ్య రంధ్రం పడిందేమో చూడాలి, "కుట్లు మానితే తగ్గుద్దిలే" అని ఎవరన్నా ఊరుకోకండి.

అయినా పడుతోందంటే

మొదటి రెండు మూడు నెలలు తొందరపడొద్దు, వాపు తగ్గాలి, బ్లాడర్ కొత్త చోటికి అలవాటు పడాలి. యూరిన్ కల్చర్, మిగిలే మూత్రం మళ్ళీ చూపించండి, మూడు రోజుల కాగితం మళ్ళీ రాయండి, ఏ రకం లీకో మళ్ళీ తేల్చండి. స్ట్రెస్ రకమే అయితే ఎక్సర్‌సైజు, ఆ తర్వాత కావాలంటే టేప్ విడిగా, చిన్న ఆపరేషనే. మత్తు తట్టుకోలేని వాళ్ళకి మూత్రనాళం గోడలో జెల్ ఇంజెక్షన్ ఉంది, లాభం తక్కువ, మళ్ళీ చేయించుకోవాల్సి రావొచ్చు.

మా అత్తగారికి మూడు నెలలు నేనే దగ్గరుండి బిగింపులు చేయించా, టీవీ సీరియల్‌లో యాడ్స్ వచ్చినప్పుడల్లా ఎనిమిది అని లెక్క పెట్టుకున్నాం. పోపు దగ్గుకి పడటం ఆగింది, గట్టి జలుబు చేస్తే మాత్రం ఇప్పటికీ నాలుగు చుక్కలు. డాక్టర్ టీవోటీ వేస్తా అన్నారు, లాభం, నష్టం ఈసారి కూర్చోబెట్టి చెప్పారు, అంతా విని "నాలుగు చుక్కలకి లోపల రిబ్బనెందుకు" అంది ఆవిడ. చుట్ట మాత్రం రోజుకి మూడు నుంచి ఒకటికి దిగింది, అది కూడా నేను డ్యూటీకి వెళ్ళాక.